నేను దిద్దిన ఉపన్యాసం

మా బడిలో ఎవరు ఏ పక్షాన వాదించాలో చీటీలు నిర్ణయించేవి. ఖాళీ అయిన సుద్దముక్కల డబ్బాలో మడిచిన చీటీలు వేస్తే, పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి తీసుకునేవాళ్లు. ఏ పక్షం వస్తే ఆ పక్షం. మార్చుకోవడానికి వీల్లేదు. ఈ నియమం పెట్టింది నేను. దీనివల్ల ఒక పిల్ల తండ్రికి పైచేను పోయింది. ఆ సంగతి ఇన్నాళ్లూ రాయకుండా మిగతావన్నీ రాశాను.

ఆ నియమం నాకు ఎక్కడినుంచి వచ్చిందో ముందు చెప్పాలి. నేను కొత్తగూడెంలో బొగ్గుబాయి కార్మికుడి కూతురిని. సెలవు రోజున మా నాన్న నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకొని ఒక చిన్న పఠనాలయానికి తీసుకెళ్లేవాడు. అక్కడ సంఘసంస్కరణ గురించి మాట్లాడుకునే పదిపదిహేనుమంది చేరేవాళ్లు. కులం, దేవుడు, పెళ్లి, చావు, ఏదైనా సరే రెండు పక్షాలుగా చీలి వాదించేవాళ్లు. పద్నాలుగేళ్ల వయసులో నాకు 'దేవుడు ఉన్నాడు' అనే చీటీ వచ్చింది. మా ఇంట్లో దీపం వెలిగించడం కూడా లేదు. అయినా వాదించాను, గెలిచాను. చప్పట్లు కొట్టినవాళ్లలో మా నాన్నే ముందు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పలేనివాళ్లకు తమ వాదం కూడా తెలియదని ఆ రోజు నేర్చుకున్నాను. అది తప్పని ఇప్పటికీ అనను. ఒక్క విషయం మాత్రం అప్పుడు గమనించలేదు. ఆ గదిలో ఓడినవాళ్లకు పోయేదేమీ లేదు. దేవుడు ఉన్నాడని నేను గెలిచినందుకు మా నాన్న ఉద్యోగానికి ఏమీ కాలేదు.

భద్రాచలం వెళ్లే రోడ్డు మీద అడవి మొదలయ్యే చోట ఉన్న జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలకు బదిలీ మీద వచ్చేటప్పటికి ఈ నమ్మకం నాలో బాగా గట్టిపడి ఉంది. అంతకుముందు పెనుబల్లిలో పనిచేశాను. అక్కడి పిల్లలు అడగకపోయినా మాట్లాడేవాళ్లు. ఇక్కడ రోడ్డు పక్క ఊళ్ల పిల్లలు మాట్లాడేవాళ్లు, అడవి ఊళ్ల పిల్లలు కిందికి చూసేవాళ్లు. ఇంట్లో కోయ భాష, బడిలో పుస్తకం తెలుగు, మధ్యలో రోడ్డు తెలుగు. జామాయిల్ మోపులతో సారపాక కాగితపు మిల్లుకు వెళ్లే లారీలు బడి ముందు నుంచి పోతుంటే పాఠం ఆపేవాళ్లం. ఆ అర నిమిషంలో అడవి ఊరి పిల్లలు తమలో తాము గలగలా మాట్లాడుకునేవాళ్లు. లారీ దాటగానే మళ్లీ నిశ్శబ్దం.

నేను సోషల్ టీచర్ని, పత్రికలకు వ్యాసాలు కూడా రాసేదాన్ని. శనివారం చివరి రెండు పీరియడ్లు అడిగి తీసుకొని చర్చావేదిక మొదలుపెట్టాను. గైడులో వాక్యాలు బట్టీపట్టి అప్పజెప్పకూడదు. 'వేదికనలంకరించిన పెద్దలకు' అని మొదలుపెట్టకూడదు. మాట్లాడే ప్రతివాళ్లూ తమ కళ్లతో చూసిన సంగతి ఒకటైనా చెప్పాలి. విన్నది వద్దు, చదివింది వద్దు, చూసింది కావాలి. ఈ మూడో షరతు మీద నాకు చాలా గర్వం.

తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. బడికి నాలుగు కిలోమీటర్ల అవతల అడవిలో వాళ్ల ఊరు. మూడు నెలలు నోరు విప్పలేదు. ఒక శనివారం హాస్టలు తిండి మేలా ఇంటి తిండి మేలా అన్న చర్చలో చీటీ తీసింది. హాస్టలు పక్షం వచ్చింది. ముందుకొచ్చి, "హాస్టల్ పప్పుతో శానా లాభం ఉన్నది. అండ్ల ఈత గూడ నేర్చుకోవచ్చు," అంది. తరగతి మొత్తం బల్లలు చరిచింది. ఆ పిల్ల నవ్వలేదు. నవ్వించి తను నవ్వకుండా నిలబడటం నేర్పితే వచ్చేది కాదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల మీద నా కన్ను పడింది. నాలాంటి టీచర్లకు ఇది మామూలే. ఒక పిల్లలో మమ్మల్ని మేం చూసుకుంటాం. దాన్నే ప్రోత్సాహం అంటాం.

ఆ ఏడాది వార్షికోత్సవానికి చర్చ పెట్టాలనుకున్నాను. విషయం: పోడు వల్ల అడవికి మేలా, కీడా. అడవి నరికి చేసుకున్న చేలకు హక్కుపత్రాలు ఇస్తామని ప్రభుత్వం దరఖాస్తులు తీసుకొని సర్వే చేయిస్తున్న రోజులవి. మా హెడ్మాస్టరు ఖమ్మంలో తరాలుగా బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం మనిషి. ఎవరినీ నొప్పించడు. నన్ను గదిలోకి పిలిచాడు.

"మేడం, పోడు గీడు మనకెందుకు? సెల్‌ఫోన్ మంచిదా చెడ్డదా అని పెట్టుండ్రి. అందరికీ మంచిగుంటది."

"పదేళ్ల నుంచి ప్రతి బడిలో అదే చర్చ సార్. సెల్‌ఫోనుకే విసుగొచ్చింది."

ఆయన నవ్వాడు. "మీతోని వాదిస్తే నేను ఓడిపోత. కాని జర వినుండ్రి. అవతల సర్వే నడుస్తున్నది. ఫారెస్టోళ్లు గూడ వస్తరు ప్రోగ్రాంకు. ఒక్క ఏడాది ఆగుదాం."

"సర్వే నడిచేటప్పుడు కాకపోతే చర్చ ఎప్పుడు సార్? అందరూ మర్చిపోయినంకనా?"

ఆయన చేతులెత్తేశాడు. పిరికివాడనుకున్నాను. జాగ్రత్తకూ పిరికితనానికీ తేడా తెలియకుండానే అంతకాలం వ్యాసాలు రాశానని ఇప్పుడు తెలుస్తోంది.

చీటీల్లో ఆ పిల్లకు 'కీడు' వచ్చింది. బడి వదిలాక గుమ్మం దగ్గర నిలబడింది.

"మేడం, నాకు అటు పక్క ఇయ్యుండ్రి."

"రూల్ ఏంది?"

"మార్చొద్దని."

"మరి?"

"మాకు రెండు చేన్లున్నయి మేడం. దరఖాస్తు పెట్టినం. మా నాయన కోపం చేస్తడు."

"మీ నాన్న ఏమంటాడో అని ఆలోచించేవాళ్లు మాట్లాడలేరు," అన్నాను. "ఇది నీ అభిప్రాయం అని ఎవరూ అనుకోరు. చీటీలో వచ్చింది, వాదించావు, అంతే. నాకు దేవుడు వచ్చిండు తెలుసా?" నా పద్నాలుగేళ్లనాటి కథ మొత్తం చెప్పాను. ఆ పిల్ల మర్యాదగా విని, "అవ్ మేడం," అని వెళ్లిపోయింది.

నాలుగు రోజుల తర్వాత నోటుబుక్కు తెచ్చింది. మూడు పేజీలు. రెండు పేజీల్లో నేల కోత, వాగులో మట్టి, అన్నీ పాఠ్యపుస్తకం మాటలే. మూడో పేజీలో కళ్లతో చూసింది రాసింది. దాదాపు ఆ మాటల్లోనే ఇక్కడ పెడుతున్నాను:

'మా పైచేను గట్టు మీద ఒక నల్లమద్ది ఉండె. దాని నీడ పత్తి సాళ్ల మీద పడుతుండె. నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు మా నాయన దానికి చుట్టూ బెరడు తీసిండు. రెండు వానలు పోయినంక ఎండిపోయింది. దాని మీద గువ్వలు ఉంటుండె. అవి పోయినయి.'

ఆ పేజీ రెండోసారి చదివాను. గొడ్డలి పెట్టకుండా, చప్పుడు లేకుండా, బెరడు ఒలిచి చెట్టును చంపడం. ఇంతకంటే బలమైన సాక్ష్యం ఎవరు తేగలరు? ఎర్ర పెన్ను తీశాను. 'మా పైచేను గట్టు మీద' అన్నది కొట్టేశాను. గట్టు అంటే చెట్టు చిన్నదైపోతుంది, అడవి కనిపించదు. నీడ, పత్తి సాళ్లు కూడా కొట్టేశాను. కారణం చెబితే తండ్రి మీద జాలి కలుగుతుంది, వాదం మెత్తబడుతుంది. చివర గువ్వల తర్వాత ఒక వాక్యం కలిపాను: 'అక్కడ ఇప్పుడు పత్తి ఉంది.'

పిల్ల చూసింది. "మేడం, పత్తి అంతకుముందు గూడ ఉండె."

"తెలుసు. అది అటు పక్షం వాళ్లు అడగాలి. అడిగితే చెప్పు. అడక్కపోతే వాళ్ల ఖర్మ."

ఇది నేను పఠనాలయంలో నేర్చుకున్న పద్ధతే. నీ వాదంలో లోపం వెతకడం ఎదుటివాడి పని. కోర్టులూ ఇలాగే నడుస్తాయని పిల్లలకు గొప్పగా చెప్పేదాన్ని. అయితే ఒక లెక్క నేను వేయలేదు. హక్కుపత్రం రావాలంటే చట్టం పెట్టిన తేదీ నాటికే భూమి సాగులో ఉండాలి. ఆ తేదీకి ఈ పిల్ల పుట్టనే లేదు. తన కళ్లతో చూసిన నరుకుడు ఏదైనా సరే, అది ఆ తేదీ తర్వాతిదే అవుతుంది. నేను అడిగింది కళ్లతో చూసినదే. గట్టు మీద చెట్టు అని ఉంటే, చేను పాతది, చెట్టు ఒక్కటే తర్వాత పోయింది అని అర్థం. గట్టు తీసేసి పత్తి కలిపితే, అడవి కొట్టి కొత్తగా చేను చేశారని అర్థం. సోషల్ టీచర్ని. చట్టం నాకు తెలుసు. ఆ చట్టం మీదే ఒక వ్యాసం రాస్తున్నాను అప్పట్లో.

వార్షికోత్సవం రోజు షామియానా, మైకు, ముందు వరసలో అతిథులు. ఆ పిల్ల తండ్రి వెనక సైకిళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. సన్నని మనిషి, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. కూతురు స్టేజీ మీద మాట్లాడుతుందని పని మాని వచ్చాడు.

పిల్ల బాగా మాట్లాడింది. నల్లమద్ది దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది, నేను నేర్పినట్టే. 'అక్కడ ఇప్పుడు పత్తి ఉంది' అని ఆగింది. ఆ ఆగడమూ నేను నేర్పిందే. అటు పక్షం వాళ్లు ఎరువుల గురించి మాట్లాడారు, ఆకలి గురించి మాట్లాడారు. చేను ఎప్పటిది అని ఒక్కరూ అడగలేదు. బహుమతి ఇస్తూ అటవీ అధికారి ఒకాయన, కన్నతండ్రి తప్పును కూడా నలుగురిలో చెప్పగలిగిన ఇలాంటి పిల్లలే అడవిని కాపాడతారని అన్నాడు. అంతా చప్పట్లు కొట్టారు. వెనక తువ్వాలు మనిషి కదలకుండా నిలబడటం చూశాను. గర్వంతో మాట పడిపోయిందనుకున్నాను.

ఆ ఉపన్యాసం వీడియో బడి వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. కింద 'మా చర్చావేదిక ఫలితం' అని రాశాను.

రెండు నెలలకు ఆ ఊరి జాబితా వచ్చింది. వాళ్ల కిందిచేనుకు హక్కుపత్రం వచ్చింది. పైచేనుకు రాలేదు. సాగు ఇటీవలిదని కారణం రాశారు. తండ్రి, పిల్ల ఇద్దరూ బడికి వచ్చారు. హెడ్మాస్టరు గదిలో కుర్చీ చూపిస్తే తండ్రి కూర్చోలేదు.

"మేడం, ఆ వీడియో జూసి రాసిండ్రంట. అప్పుడు మా పత్తి పైచేన్లనే ఉండె. సర్వేకొచ్చిన సారే చెప్పిండు. నీ బిడ్డే చెప్పింది గదా, ఇంక నేనేం జేయాలె అన్నడు."

"అది చర్చ అండీ. చీటీలో ఆ పక్షం వచ్చింది. తన మాట కాదు అది."

"చీటీల ఏమొస్తే గది మాట్లాడుతరా?"

"అవును. నేర్చుకోవడానికి."

"మా ఊర్ల నలుగురు కూసున్న కాడ లేసి మాట్లాడితే ఆ మాట వానిదే మేడం. చీటీల వచ్చిందంటే నవ్వుతరు." కోపంగా అనలేదు. తెలియనివాళ్లకు చెప్పినట్టు చెప్పాడు. "సరే, మీ బడి పద్ధతి మీది. ఒక్క కాయితం రాయుండ్రి. ఆ పత్తి ముచ్చట మీరే రాసిచ్చిండ్రని."

పిల్ల నా వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది.

నేను నిటారుగా కూర్చున్నాను. ఆ క్షణం గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది. "జరిగింది మీ పిల్ల చూసింది, తను రాసింది," అన్నాను. "జరగనిది జరిగిందని, నేను కల్పించానని రాయలేను. నా జీవితంలో అబద్ధం రాయలేదు." ఇంకా చాలా చెప్పాను. నిజం గురించి ఆయనకు పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన అడిగింది అబద్ధం కాదు. పత్తి వాక్యం నేను రాసిందే. నల్లమద్ది సంగతి పిల్లది, పత్తి నాది. ఆయన పత్తి గురించి అడిగితే నేను చెట్టు గురించి జవాబు చెప్పి, ఆ సందులోంచి దూరిపోయాను. నిజం పేరు చెప్పి నిజం దాచాను. ఇంతమందిని మూఢనమ్మకాల మీద నిలదీసినదాన్ని, ఈ పని ఎంత తేలిగ్గా చేశానో.

చివరికి ఒక ఉత్తరం రాసిచ్చాను. మా బడిలో పక్షాలు చీటీల ద్వారా నిర్ణయిస్తామని, విద్యార్థి వాదన ఆమె వ్యక్తిగత అభిప్రాయం కాదని. ప్రతి అక్షరం నిజం, ఎందుకూ పనికిరాదు. హెడ్మాస్టరు ముద్ర వేస్తూ నన్నొకసారి చూశాడు. తండ్రి దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, "దండాలు మేడం," అని వెళ్లాడు.

ఆ సర్వేకు వచ్చిన అటవీ బీట్ ఆఫీసరు ఉత్తరం చూశాక బజారులో కనబడి, "మేడం, అభిప్రాయం గాదని రాసిండ్రు, మంచిదే. చెట్టు సంగతి అభిప్రాయమా, జరిగిందా?" అని అడిగాడు. జరిగిందే అన్నాను. "మరి నేనేం కొత్తగ రాయలే," అన్నాడు. ఆయన తర్కంలో లోపం లేదు. గట్టు మీది చెట్టును చంపడం తప్పే. ఆ తప్పుకు వేరే కేసు ఉంటుంది, భూమి పోవడం ఆ తప్పుకు శిక్ష కాదు. ఇది ఆయనకు చెప్పాలంటే గట్టు సంగతి చెప్పాలి. గట్టు సంగతి చెప్పాలంటే ఎర్ర పెన్ను సంగతి చెప్పాలి. కూరగాయల సంచి పట్టుకొని ఇంటికొచ్చేశాను.

తర్వాతి ఏడాదంతా నేనేం చేశానో చెబుతాను. పోడు హక్కుల మీద వ్యాసాలు రాశాను. చట్టం ఏమంటుందో, దరఖాస్తులు ఎలా తోసేస్తున్నారో వేడివేడిగా రాశాను. చండ్రుగొండలో ఒక సభలో మాట్లాడాను. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎక్కడా ఒక్క వాక్యంలోనైనా నల్లమద్ది రాలేదు. అధికారులను ఎంత గట్టిగా తిడితే నా గుండె అంత తేలికయ్యేది. దోషం ఎప్పుడూ నాకు దూరంగా ఉన్న కుర్చీలోనే కూర్చుని ఉండేది.

ఆ పిల్ల చర్చావేదికకు రావడం మానలేదు. శనివారం చివరి పీరియడ్లు కాబట్టి తరగతిలో ఉండక తప్పదు. వెనక బల్ల మీద కూర్చునేది. అడిగితే "అవ్ మేడం", "లేదు మేడం". చీటీ తీయమంటే తలనొప్పి అనేది. నేను బలవంతపెట్టలేదు. అది నా సున్నితత్వం అనుకునేదాన్ని. పదో తరగతి సగంలో ఒక శనివారం ఇంకో పిల్లకు తనకు నచ్చని పక్షం వచ్చింది. ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చిన గొత్తికోయల గూడేల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల అది. "మేడం, వద్దు మేడం," అని చీటీ వెనక్కి ఇవ్వబోయింది. ముందు బల్లల వాళ్లు నవ్వుతూ, "మేడం రూల్, మేడం రూల్," అన్నారు.

వెనక బల్ల నుంచి మామూలు గొంతుతో వినబడింది. "తీసుకోకు. మాట్లాడేటప్పుడు మేడం పక్కన ఉంటది. తర్వాత ఎవరూ ఉండరు."

ఎవరో "ఏయ్" అన్నారు మెల్లగా. నేను హాస్టల్ పిల్ల చేతిలోంచి చీటీ తీసుకున్నాను. ఆ రోజు చర్చ లేదన్నాను. గంట కొట్టేదాకా అందరం ఊరికే కూర్చున్నాం. ఏడాదిలో ఆ పిల్ల నాతో మాట్లాడిన పెద్ద మాట అది. అదీ నాతో కాదు.

బడి వదిలాక ఆ పిల్లను ఆపి అడిగాను. "మీ ఊళ్లో పట్టాల సంగతి మళ్లీ మాట్లాడుకుంటున్నారా?"

"వచ్చే ఆదివారం కమిటీ కూసుంటది మేడం. అప్పీలు రాస్తరు."

"నేను రావచ్చా?"

"రోడ్డు మంచిగ లేదు. స్కూటీ వాగు దాంక వస్తది. అవతల నడవాలె."

ఆదివారం పొద్దున వెళ్లాను. అంగన్‌వాడీ గదిలో పాతికమంది ఉన్నారు. సగం ఆడవాళ్లే. అటవీ హక్కుల కమిటీ కార్యదర్శి మినిట్సు పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నాడు. పిల్ల నా పక్కన నిలబడి నా మాటలు పెద్దవాళ్లకు కోయలో చెప్పడానికి ఒప్పుకుంది. నేను మొదలుపెట్టాను. చర్చ అంటే ఏమిటో, ప్రజాస్వామ్యంలో దాని అవసరం ఏమిటో, అటవీ హక్కుల చట్టం ఎలా వచ్చిందో. ఒక ముసలమ్మ మధ్యలో ఏదో అంది. ఆడవాళ్లంతా నవ్వారు.

"ఏమంటుంది?"

పిల్ల చెప్పడానికి ఇబ్బంది పడలేదు. "ఇంత పొడుగు ఎందుకు, ఏం జేసినవో చెప్పు అంటున్నది మేడం."

అప్పుడు చెప్పాను. ఈ పిల్ల 'మా పైచేను గట్టు మీద' అని రాసింది, నేను కొట్టేశాను. నీడ పడుతుందని రాసింది, కొట్టేశాను. 'అక్కడ ఇప్పుడు పత్తి ఉంది' అన్నది ఈ పిల్ల రాయలేదు, నేను రాశాను. పత్తి అంతకుముందూ ఉందని అప్పుడే చెప్పింది. నాకు తెలిసే చేశాను. పిల్ల ఒక్కో వాక్యం కోయలో చెప్పింది. నా మాటల కంటే తక్కువ మాటలే పట్టాయి.

కార్యదర్శి తలెత్తాడు. "ఎందుకు కొట్టేసిండ్రు మేడం?"

ఎన్ని జవాబులో ఉన్నాయి నా దగ్గర. శిక్షణ, వాద పద్ధతి, ఎదుటి పక్షం బాధ్యత. "వినడానికి బాగుంటుందని," అన్నాను.

ఆయన అది కూడా పుస్తకంలో రాసుకున్నాడు.

"దీనికి రుజువు ఏమన్న ఉన్నదా? ఊరికె మీరు చెప్తే, పిల్ల మీద ప్రేమతోని చెప్తున్నరు అంటరు పైన."

లేదన్నాను. నోటుబుక్కు ఎప్పుడో పోయి ఉంటుందన్నాను. అప్పుడు తండ్రి లేచి వెళ్లాడు. పది నిమిషాల్లో పాలిథీన్ సంచిలో చుట్టిన నోటుబుక్కు తెచ్చాడు. మూడో పేజీ. పిల్ల నీలం రాత, నా ఎర్ర గీతలు, చివర నా దస్తూరీలో పత్తి వాక్యం. అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. చదవడం రానివాళ్లకు కూడా ఎరుపేదో నీలమేదో తెలుస్తుంది.

"ఇది మీ దగ్గరే ఉందా? మొదట్లోనే ఎందుకు పెట్టలేదు?" అని అడిగాను. నా గొంతులో కొంచెం కోపం కూడా ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో.

తండ్రి కూతురి వైపు చూశాడు. ఆయనే చెప్పాడు. "మీ అక్షరం మేడం అది. మీరు ఒప్పుకోకుండ మీ అక్షరం దీస్కపోయి ఆఫీసుల పెడితే మీ నౌకరి పోతదేమో అన్నది బిడ్డ. ఆడామె, ఊరుగాని ఊరొచ్చి చదువు చెప్తున్నది, వద్దన్నది. మీకు రాయబుద్ధయితే మీరే రాస్తరు గద అని కాయితం అడిగినం."

నేను నిజం గురించి ఉపన్యాసం ఇచ్చిన పావుగంటసేపూ, నా అబద్ధానికి రుజువు వాళ్లింట్లో పాలిథీన్ సంచిలో ఉంది. దాన్ని బయటపెట్టకుండా, నాకు మర్యాదగా తప్పు ఒప్పుకునే దారి ఇవ్వడానికి వాళ్లిద్దరూ నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చారు. చేను పోతున్నది వాళ్లది. కాపాడుతున్నది నన్ను. నేను వాళ్లకు తర్కం నేర్పాను.

ఆ గదిలో ఏడ్వలేదు. ఏడిస్తే వాళ్లు నన్ను ఓదార్చాల్సి వచ్చేది. ఆ పని కూడా వాళ్లకు పెట్టదలచుకోలేదు. మినిట్సు పుస్తకంలో నా వాంగ్మూలం కింద సంతకం చేశాను. ముసలమ్మ మళ్లీ ఏదో అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పిల్ల దాన్ని నాకు తెలుగులో చెప్పలేదు, నేనూ అడగలేదు.

హెడ్మాస్టరుకు సోమవారం మొత్తం చెప్పాను. పైఅధికారులకు తెలిస్తే మెమో రావచ్చు, మీకు కూడా ఇబ్బంది అన్నాను. ఆయన కాసేపు బల్ల మీద పెన్ను తిప్పాడు. "మెమో వస్తే జవాబు రాద్దాం మేడం. కాని అప్పుడే ఒక మాట చెప్పకపోతిరి. ఆ ఉత్తరం మీద నా ముద్ర గూడ ఉన్నది." మెమో రాలేదు. వచ్చి ఉంటే కొంత శాంతిగా ఉండేది.

చర్చావేదిక ఆపలేదు. నియమాలు మార్చాను. చీటీ వద్దంటే వద్దు. పిల్లలు చూసి రాసిన వాక్యం మీద పెన్ను పెట్టను. ఇలా చెబితే తప్పు దిద్దుకున్నట్టు వినిపిస్తుంది. ఈ నియమాల వల్ల బాగుపడేది ఇకముందు వచ్చే పిల్లలు. పైచేను పోయినవాళ్లకు వీటితో పని లేదు.

ఆ పిల్ల ఇప్పుడు భద్రాచలంలో ఇంటర్ చదువుతోంది. కమిటీ అప్పీలు పైకి వెళ్లి, ఇంకొన్ని వివరాలు కావాలని తిరిగొచ్చింది. ఫోను చేసి, జవాబు నేను రాసిస్తానన్నాను.

"వద్దు మేడం, నేనే రాస్త."

"చట్టం సెక్షన్లు అవీ..."

"కార్యదర్శి చెప్తడు. రాసినంక మీకు పంపిస్త. మీరు చదువుండ్రి."

పంపింది. రెండు పేజీలు ఫోటో తీసి పెట్టింది. నల్లమద్ది సంగతి ఉంది, నా ఎర్ర పెన్ను సంగతి ఉంది, నోటుబుక్కు జిరాక్సు జతచేశామని ఉంది. అవి కాక నాకు తెలియనిది ఒకటి ఉంది. వాళ్ల మేనత్త ఆ పైచేను మంచె దగ్గరే పుట్టిందట. నాటువేళలో నాయనమ్మకు అక్కడే నొప్పులొచ్చాయట. మేనత్తకు ఇప్పుడు మనవలున్నారు. పురుడు పోసిన ఆమె బతికే ఉంది, చెప్పడానికి వస్తానంది. చేను ఎప్పటిదో తేల్చడానికి ఇంతకంటే ఏం కావాలి. ఆ పిల్ల తన కళ్లతో చూసింది కాదది. అందుకే నా చర్చావేదికలో దానికి చోటు లేదు. నేనెప్పుడూ అడగలేదు.

ఆ సంగతి ఆ పిల్ల రెండో పేజీలో కింద ఎక్కడో రాసింది. నేనైతే మొట్టమొదట పెట్టేదాన్ని. వేలు ఫోను మీద ఆగింది. బాగుంది అని మాత్రం జవాబిచ్చాను.

ఆ జవాబు పైకి వెళ్లి ఎనిమిది నెలలైంది, ఇంకా ఏమీ తేలలేదు. మొన్న వాన మొదలయ్యాక ఆ ఊరు వెళ్లాను. కిందిచేనులో పత్తి మోకాలెత్తు వచ్చింది. పైచేను గట్టు దాకా తండ్రి నాతో నడిచొచ్చి అక్కడే ఆగాడు. లోపల కాలు పెడితే కేసు అవుతుందని నోటీసు ఉంది. ఆ నేలలో గడ్డి, తంగేడు మొలిచాయి. ఇంకో రెండు వానలు ఇలాగే పోతే ఇది అడవే అంటారు, అప్పుడు ఎవరు చెప్పినా నమ్మరు అన్నాడు ఆయన. నాతో అన్నట్టు లేదు. గట్టు మీద నిలబడి చేను వైపు చూస్తూ అన్నాడు.